చెన్నై పార్కులలో పసిపిల్లలకు దక్కవలసిన చోటు

చెన్నైలో ఒక పేటకు కొత్తగా పార్కు వస్తోందంటే పని ఏ వరుసలో జరుగుతుందో గమనించండి. ముందు ప్రహరీగోడ లేస్తుంది, దానికి ఇనుప కమ్ములూ గేటూ వస్తాయి. తరువాత చుట్టూ నడకదారి వేసి సిమెంటు పలకలు పరుస్తారు. ఆపైన పచ్చిక, దాని చుట్టూ మోకాలెత్తు కంచె, పచ్చికమీద నడవరాదని ఒక బోర్డు. ఆ తరువాత పెద్దలు కసరత్తు చేసుకొనే యంత్రాలు. ఇవన్నీ పూర్తయ్యాక మిగిలిన మూల, చాలాచోట్ల ఎండ నేరుగా పడే మూల, పిల్లలకు వదిలి, అక్కడ ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు బిగించి, గోడమీద జింకనూ కుందేలునూ రంగులలో వేయించి పని ముగిస్తారు. ఈ వరుస తలకిందులు కావాలని, ఇద్దరు చిన్నపిల్లల తల్లిగా, చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినదానిగా నేను గట్టిగా కోరుతున్నాను. ఆరేళ్ళలోపు పిల్లల అవసరాలతో లెక్క మొదలుపెట్టిన పార్కులో నీడా, నీళ్ళూ, మరుగుదొడ్డీ, కూర్చోవడానికి చోటూ తప్పనిసరిగా ఉంటాయి గనుక పెద్దలకు అక్కడ లోటేమీ ఉండదు. పెద్దల నడకకోసం కట్టిన పార్కులో మాత్రం పసిపిల్లలకు దక్కేది బహు తక్కువ.

ఆరేళ్ళలోపు అని ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. పదేళ్ళు దాటిన పిల్లవాడు వీధిలోనో, బడి మైదానంలోనో, ఎవరిదో ఖాళీ స్థలంలోనో తన ఆట తాను వెతుక్కుంటాడు. నాలుగేళ్ళ పిల్ల అలా వెళ్ళలేదు. చెయ్యి పట్టుకొని తీసుకువెళ్ళే మనిషికి ఎంత దూరం, ఏ వేళలో వీలవుతుందో ఆ పిల్ల ఆట అంత దూరానికి, ఆ వేళకే పరిమితం. అందుచేత ఊరి మధ్యలో ఎక్కడో ఒక గొప్ప ఉద్యానం ఉండడం ఈ వయసువారికి పండుగపూట మాత్రమే పనికివస్తుంది. వారికి కావలసింది ఇంటినుంచి పది నిమిషాలు నడిస్తే చేరుకోగలిగిన చిన్న పార్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లలకోసం వెలువరించిన మార్గదర్శకాలలో, మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలేలా గడపాలనీ, అందులో కనీసం 60 నిమిషాలు బాగా అలిసిపోయే ఆట ఉండాలనీ, తెర ముందు కూర్చోవడం గంటకు మించరాదనీ చెప్పింది. రెండు పడకగదుల అద్దె ఇంట్లో, కింద కాపురమున్నవారికి ఇబ్బంది కలగకుండా, మూడు గంటలపాటు ఒక పసిబిడ్డను పరుగెత్తించడం ఏ తల్లికీ సాధ్యం కాదు. ఆ మూడు గంటలలో ఒకటిన్నర గంటైనా పార్కు తీసుకోవాలి, అదీ వారానికొక రోజు కాక, రోజూ తీసుకోవాలి.

ఈ నగరంలోని రెండు ముఖ్యమైన పార్కులకు తెలుగువారి పేర్లున్నాయని మన పిల్లలకు మనం చెప్పుకోవలసిన అవసరం ఉంది. త్యాగరాయనగర్ నడిబొడ్డున ఉన్న పానగల్ పార్కు, 1921నుంచి 1926వరకు మద్రాసు రాష్ట్రానికి ప్రథమమంత్రిగా ఉన్న పానగంటి రామరాయణింగారి పేరిట ఏర్పడింది. మైలాపూరులో లజ్ చర్చి రోడ్డుమీద ఉన్న నాగేశ్వరరావు పార్కు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున వెలిసింది. ఆంధ్రపత్రికను, అమృతాంజనాన్ని తెలుగువారికి ఇచ్చిన ఆయన శ్రీబాగ్ నివాసం ఆ పరిసరాలలోనే ఉండేది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒప్పందం కుదిరినది ఆ ఇంట్లోనే. ఆదివారం ఉదయాలలో నాగేశ్వరరావు పార్కులో పిల్లల కచేరీలు ఏర్పాటు చేసే సంప్రదాయం చాలా ఏళ్ళుగా ఉంది. పాడేది పిల్లలు, వినేవారిలోనూ పిల్లలే ఎక్కువ. కచేరీ నడుస్తుండగానే చంటిపిల్లలు లేచి పోయి చెట్టు మొదట్లో కూర్చొని మట్టి తవ్వుకోవడం అక్కడ ఎవరికీ తప్పుగా తోచదు. ఒక ప్రైవేటు ఆర్థిక సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకొని శ్రద్ధగా చూసుకోవడం వల్ల ఆ పార్కు చక్కగా ఉంది. అయితే ఏడువందలకు పైగా పార్కులున్న నగరంలో అన్నిటికీ అటువంటి దాత దొరకడు. కాబట్టి ఇక్కడ నేను మాట్లాడుతున్నది దాతలు లేని, పేరు కూడా సరిగా లేని, పేటల మధ్యనున్న చిన్న పార్కుల గురించి.

పసిపిల్లలు పార్కులో ఏం చేస్తారో ఓపికగా కూర్చొని చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. జారుడుబల్లమీదా ఉయ్యాలలోనూ వాళ్ళు గడిపే సమయం మనం అనుకొనేదానికన్నా తక్కువ. మా చిన్నవాడు గేటు దాటగానే నడకదారి అంచున రాలిన కానుగ కాయలు ఏరుకుంటాడు, వాటిని ఒక్కొక్కటిగా మురుగుకాలువ మూతకున్న కంతలలోంచి జారవిడుస్తాడు, చీమల బారు వెంట వంగి నడుస్తాడు. ఆ పనిలో అతడికి ఉన్న ఏకాగ్రత ఇంట్లో ఏ బొమ్మతోనూ నేను చూడలేదు. పెద్దపిల్లకు ఎక్కడానికి ఏదో కావాలి: బెంచీ వెనకభాగం, చెట్టు వేళ్ళు, పూలమడి చుట్టూ కట్టిన పిట్టగోడ. ఆ పిట్టగోడమీద చేతులు చాచి నడవడం ఆమెకు రోజూ ఒక పరీక్ష. ఈ రెండు ఆటలకూ నగరపాలక సంస్థ ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. వాళ్ళు ఖర్చుపెట్టి తెచ్చిన ప్లాస్టిక్ కోట మాత్రం ఏప్రిల్ ఎండలో చెయ్యి పెట్టనివ్వదు. వస్తువులు కొనడమే పిల్లల పార్కు కట్టడం అనే అలవాటువల్ల డబ్బు పోతున్నది, పిల్లలకు అవసరమైనవి అందడం లేదు. రాలిన కాయలనూ ఎండుటాకులనూ ఉదయం తొమ్మిదింటికల్లా ఊడ్చి సంచులకెత్తడం పరిశుభ్రత అనిపించుకుంటున్నది. పిల్లల మూలలోనైనా ఆ ఊడ్పు వారానికొకసారికి తగ్గిస్తే పార్కు ఖర్చూ తగ్గుతుంది, పిల్లలకు ఆటవస్తువులూ దొరుకుతాయి.

అన్నిటికన్నా ముందుగా అడగవలసింది ఇసుక. ఆశ్చర్యమేమిటంటే, ప్రపంచంలోనే పొడవైన సముద్రతీరాలలో ఒకటిగా చెప్పుకొనే మెరీనా ఉన్న నగరంలో, పేట పార్కులో పిల్లలకు ఒక ఇసుకగుంట అరుదు. ఇదివరకు ఆటస్థలంలో ఇసుక పోసేవారు. ఇప్పుడు దాన్ని తీసివేసి సిమెంటు పలకలో, రంగురంగుల రబ్బరు పలకలో పరుస్తున్నారు. ఇసుక ఇంటికి వస్తుందనీ, కుక్కలూ పిల్లులూ పాడుచేస్తాయనీ, తోటమాలికి పని పెరుగుతుందనీ కారణాలు చెబుతారు. పని పెరుగుతుందన్నది నిజమే. ఇసుకను తరచూ తిరగవెయ్యాలి, రాత్రిపూట వలతోనో టార్పాలినుతోనో కప్పాలి, ఏడాదికొకసారి మార్చాలి. అయినా ఆ పని చేయించుకోవడం మన హక్కు, ఎందుకంటే ఇసుకకు ప్రత్యామ్నాయం లేదు. పాదంమీద తడి ఇసుక పోసి, అరచేతితో మెత్తి, మెల్లగా పాదం లాగి పిచ్చుకగూడు కట్టిన పిల్లకు బరువంటే ఏమిటో, తడి ఎంత ఉండాలో, ఓర్పు ఎందుకు కావాలో చేతులతోనే తెలుస్తుంది. పైనుంచి పడ్డ పిల్లను అడుగు లోతున్న వదులు ఇసుక కాచినట్లు సిమెంటు పలక కాయదు. రబ్బరు పలక కొంత కాస్తుంది గాని, నీడలేని చోట అది మట్టికన్నా ఎంతో ఎక్కువగా వేడెక్కి, చెప్పులు విడిచిన పిల్లలను నిలబడనివ్వదు.

మట్టిలో ఆడితే జబ్బులు వస్తాయన్న భయం పెద్దలలో బలంగా ఉంది. ఆ భయంలో కొంత నిజం ఉంది. జంతువుల మలం కలిసిన మట్టివల్ల నులిపురుగులు రావచ్చు. దానికి మందు ఉంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జరిగే నులిపురుగుల నిర్మూలన దినంలో ఏడాదినుంచి 19 ఏళ్ళవరకు పిల్లలందరికీ అల్బెండజోల్ మాత్ర అంగన్‌వాడీలలో, బడులలో ఉచితంగా ఇస్తారు. చేతులు కడుక్కోవడానికి కొళాయి ఉంటే మిగిలిన భయమూ చాలావరకు తీరుతుంది. మట్టికి దూరంగా పెంచడంవల్ల కలిగే నష్టం గురించి మాత్రం మనం మాట్లాడుకోము. ఫిన్లండులో కొందరు పరిశోధకులు శిశుసంరక్షణ కేంద్రాల ఆటస్థలాలలో అడవి మట్టినీ పచ్చికనూ పరిపించి, 28 రోజులపాటు పిల్లలను అందులో ఆడించి చూశారు. 2020లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, ఆ పిల్లల చర్మంమీద ఉండే సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రోగనిరోధక వ్యవస్థ సమతుల్యతకు సంబంధించిన గుర్తులు మెరుగుపడ్డాయి. చెన్నై వాతావరణం వేరు, ఇక్కడి మట్టి వేరు, కాబట్టి ఆ ఫలితం ఇక్కడ ముమ్మూర్తులా వర్తిస్తుందని నేను అనను. కాని మట్టిని శత్రువుగా చూసి పార్కంతా పలకలు పరిచేయడానికి ముందు ఆగి ఆలోచించడానికి అది చాలు.

ఎండ సంగతి చెన్నైవారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మేనెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో, ఇనుప జారుడుబల్లను చెట్టునీడ లేనిచోట, పడమటి ఎండకు ఎదురుగా నిలబెట్టడం క్షమించరాని పని. సాయంత్రం అయిదు గంటలకు కూడా ఆ రేకుమీద చెయ్యి ఆనదు. తొడలు కాలి కెవ్వుమన్న పిల్లను ఒక్కసారి చూసిన తల్లి మరి ఆ వైపు వెళ్ళదు. ఆడేవారు లేని ఆటస్థలం కొన్నాళ్ళకు బండ్లు నిలుపుకొనే చోటవుతుంది. వేప, కానుగ, నేరేడు వంటి చెట్లు ఈ నేలలో సులువుగా పెరుగుతాయి. జారుడుబల్ల కొనడానికి ముందే చెట్టు నాటితే, అది నీడ ఇచ్చేదాకా పందిరి వేసి తీగ పాకిస్తే సరిపోతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో కష్టం మరొకరకం: ఉయ్యాల కిందా, జారుడుబల్ల దిగే చోటా పిల్లల కాళ్ళు రాసి పడిన గుంటలలో నీళ్ళు నిలుస్తాయి, ఆటకోసం వేలాడదీసిన పాత టైర్లలోనూ నిలుస్తాయి. డెంగీ దోమ పగటిపూటే, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రమూ కుడుతుంది, అంటే సరిగ్గా పార్కు తెరిచి ఉండే వేళలలో. టైరుకు అడుగున రెండు కంతలు పెట్టడం, గుంటలలో రెండు తట్టల ఇసుక పోయడం ఏ బడ్జెటుకూ భారం కాదు.

వేళల విషయం ఇంతకన్నా ముఖ్యమైనది. మా చుట్టుపక్కల నేను చూసిన పార్కులలో చాలావాటికి ఉదయం తొమ్మిది, పది గంటలకు తాళం పడి, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తీస్తారు. ఈ వేళలు ఎవరికోసం నిర్ణయించినవో వెతకనక్కరలేదు. ఆఫీసుకు ముందు నడిచేవారికి ఉదయం, ఆఫీసు తరువాత నడిచేవారికి సాయంత్రం. ప్లేస్కూలు మధ్యాహ్నానికి విడిచిపెట్టిన పిల్లతో ఇంటికి వస్తున్న తల్లికి, చంటిబిడ్డను చూసుకొంటున్న అమ్మమ్మకు ఆ తాళమే కనబడుతుంది. వేసవిలో మధ్యాహ్నం మూసి ఉంచితే ఎవరికీ పెద్ద నష్టం లేదు. నవంబరునుంచి ఫిబ్రవరివరకు ఉన్న నాలుగు నెలలు అలా కాదు. అప్పుడు ఉదయం పదకొండునుంచి మూడువరకు ఉండే వెచ్చదనం చెన్నైలో పసిపిల్లలను బయట తిప్పడానికి అన్నిటికన్నా అనువైనది. సాయంత్రమా, ఆరు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకి దోమలు మొదలవుతాయి. ఏడాది మొత్తంలో పిల్లలకు అతి మంచి గంటలను తాళంవేసి ఉంచుతున్నామన్నమాట. పగటి వెలుతురుకు మరో విలువ కూడా ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరేడేళ్ళ బడిపిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి సమయం కేటాయించి మూడేళ్ళు గమనించిన అధ్యయనంలో, కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం ఉంటే, మామూలుగా గడిపిన పిల్లలలో 39.5 శాతం ఉన్నారు. ఆ ఫలితం 2015లో వెలువడింది. చీకటిపడ్డాక దీపాలకింద ఆడిస్తే దక్కని మేలు అది. మధ్యాహ్నం తెరిచి ఉంచితే తాగుబోతులూ పేకాటరాయుళ్ళూ చేరతారని అంటారు. కాపలాదారును గేటు మూయడానికి కాక లోపల తిరగడానికి నియమిస్తే ఆ సమస్య ఉండదు. బెంగళూరులో 2024లో నగరపాలక సంస్థ పార్కులను ఉదయం 5నుంచి రాత్రి 10వరకు ఎడతెగకుండా తెరిచి ఉంచాలని నిర్ణయించారు. పక్క రాష్ట్రంలో చేయగలిగిన నిర్ణయం ఇక్కడ అసాధ్యమని ఎవరూ అనలేరు.

మరుగుదొడ్డి గురించి ఎక్కువ చెప్పను. మూడేళ్ళ పిల్ల ఆపుకోలేదు, తల్లి ఆ సంగతి ముందే లెక్కవేసుకొని బయలుదేరుతుంది. మరుగుదొడ్డి లేని లేదా తాళంవేసి ఉన్న పార్కులో ఆమె ఉండగలిగేది అరగంట. పొడిగా ఉండే నేల, పిల్లల ఎత్తుకు ఒక కొళాయి, చంటిపిల్లకు బట్టలు మార్చడానికి ఒక అరుగు ఉంటే ఆ అరగంట ఒకటిన్నర గంట అవుతుంది.

నడిచేవారితో పిల్లలకు వచ్చే గొడవను దాటవేయకూడదు. నడకదారిమీద మూడుచక్రాల సైకిలు తొక్కుతున్న పిల్లను పక్కకు లాగెయ్యమని గద్దించే పెద్దమనుషులు ప్రతి పార్కులోనూ ఉన్నారు. బంతి తేరాదు, పరుగెత్తరాదు, చెట్టెక్కరాదు, పచ్చికమీద కూర్చోరాదు అని వరుసగా రాసిన బోర్డులు చాలావరకు వాళ్ళ ఫిర్యాదులవల్ల వెలిసినవే. మోకాళ్ళ నొప్పులతో, వైద్యుడు చెప్పినందుకు నడిచేవారికి బంతి తగిలితే ప్రమాదమే. వాళ్ళ భయాన్ని తేలికగా తీసుకోలేము. అయినా వాళ్ళకు నడవడానికి ఇంకా చోట్లున్నాయి. మూడేళ్ళ పిల్ల భయం లేకుండా పరుగెత్తగలిగిన నేల ఈ నగరంలో పార్కు ఒక్కటే, ఎందుకంటే వీధిలో పేవ్‌మెంటుమీద కూడా బండ్లు ఎక్కుతాయి. కాబట్టి హక్కుల మధ్య తూకం వేయవలసివస్తే మొగ్గు పిల్లవైపే ఉండాలి. అదే పెద్దలలో, పిల్లలు కనబడితే చాలు దగ్గరికి పిలిచేవారూ ఉన్నారు. మా పేట పార్కులో ఒక పెద్దావిడ, ఆవిడ మాట్లాడేది తమిళం, మా అమ్మ మాట్లాడేది తెలుగు. ఇద్దరూ బెంచీమీద కూర్చొని తమ తమ భాషల్లో కాళ్ళు చాపించి లెక్కపెట్టే ఆటలు ఆడిస్తారు. మా అమ్మ 'కాళ్ళా గజ్జా కంకాళమ్మా' అని మొదలుపెడితే, ఏ భాష మాట్లాడే పిల్లైనా సరే వచ్చి కాళ్ళు చాపుకొని కూర్చుంటుంది. ఇంట్లో తెలుగు తగ్గిపోతోందని బాధపడే మా వంటి కుటుంబాలకు ఆ బెంచీ ఒక బడికన్నా ఎక్కువ పనిచేస్తోంది. నడకదారితోబాటు ఆటస్థలం పక్కనే నీడలో వీపు ఆనించుకొనే బెంచీలు వేస్తే, పెద్దలు పిల్లలను తరిమేవారుగా కాక కాచేవారుగా ఉంటారు.

అందరు పిల్లలకూ ఆ గేటు ఒకే విధంగా తెరుచుకోదు. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. చెన్నైలో భవన నిర్మాణ పనులకు శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2014లో మౌలివాక్కంలో కట్టుబడిలో ఉన్న భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు మృతులలో ఉత్తరాంధ్ర కూలీలు ఎందరో ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఇసుకకుప్పల మధ్య, ఇనుపచువ్వల మధ్య పగలంతా గడుపుతారు. మా వీధిలో ఒక భవనం కడుతున్నప్పుడు, చంకలో పిల్లను వేసుకొని పార్కు కమ్ములకు అవతల నిలబడ్డ ఒకామెను లోపలికి రమ్మన్నాను. 'మా గుంటకి ఉయ్యాలంటే పేణమమ్మా. గేటుకాడ ఆ ముసిలాయన రానిత్తాడో లేదోనని దూరంనుంచే సూసి ఎల్లిపోతాం' అన్నది ఆమె. ఆమెను అడ్డగించమని రాసి ఉన్న నియమం ఎక్కడా లేదు. చెప్పులు లేని కాళ్ళు, మాసిన గౌను చూసి కాపలాదారు చేసే ఊహే అక్కడ నియమం. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనూ ప్రతి బిడ్డ హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. ఆ అధికరణం అమలు కావలసినది ఇటువంటి గేటు దగ్గరే. 'పిల్లలందరికీ ప్రవేశం ఉంది, ఎవరినీ ఆపరాదు' అని తమిళంలోనూ తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో గేటుమీద రాయించాలి. నిషేధాల బోర్డులకు డబ్బు దొరికినప్పుడు దీనికీ దొరుకుతుంది.

ఇలా ఎందుకు అంటున్నానంటే, ఆట క్రమంగా కొనుక్కొనే వస్తువు అవుతోంది. పెద్ద మాళ్ళలో చల్లటి గదిలో, గంట లెక్కన డబ్బు తీసుకొని, మెత్తటి దిమ్మెల మధ్య పిల్లలను ఆడించే చోట్లున్నాయి. వానరోజున అవి ఉపయోగపడతాయి, కాదనను. ప్రభుత్వం కట్టే కొత్త ఉద్యానాలు కూడా అదే దారి పడుతుండడం మాత్రం నాకు ఆందోళన కలిగిస్తోంది. 2024 అక్టోబరులో కెథీడ్రల్ రోడ్డుమీద ప్రారంభమైన కలైజ్ఞర్ శతజయంతి పార్కు అందంగానే ఉంది. ప్రవేశ రుసుము పెద్దలకు 100 రూపాయలు, పిల్లలకు 50 రూపాయలుగా పెట్టారు. ఇద్దరు పిల్లలతో తల్లిదండ్రులు వెళితే గేటు దగ్గరే 300 రూపాయలు. ఏడాదికొకసారి వెళ్ళే విహారస్థలంగా దాన్ని ఒప్పుకోవచ్చు. రోజూ ఆడుకోవలసిన నాలుగేళ్ళ పిల్లకు అది ఏ విధంగానూ బదులు కాదు, అటువంటి ఒక్క పార్కుకు పెట్టే ఖర్చుతో ఎన్ని పేటలలో ఇసుకా నీడా కొళాయీ ఏర్పాటవుతాయో ఆలోచించాలి.

ఉన్న స్థలాన్ని కాపాడుకోవడంలో ఈ నగరానికి మంచి చరిత్ర లేదు. సెంట్రల్ రైల్వేస్టేషను పక్కన 1859లో గవర్నరు ట్రెవెల్యన్ 116 ఎకరాలలో పీపుల్స్ పార్కును ఏర్పాటు చేయించాడు. అందులో జంతుప్రదర్శనశాల కూడా ఉండేది. తరువాత దాని భూమిలో విక్టోరియా పబ్లిక్ హాలు, మూర్ మార్కెట్టు, 1913లో నగరపాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ బిల్డింగు, ఆపైన నెహ్రూ స్టేడియం ఒక్కొక్కటిగా వెలిశాయి. 1985లో జంతువులు వండలూరుకు తరలిపోయాయి. ఇప్పుడు మిగిలినది మై లేడీస్ గార్డెన్ అనే చిన్న ముక్క. వచ్చిన ప్రతి కట్టడమూ ప్రజోపయోగమైనదే. పార్కు పోయేది ఎప్పుడూ ఇలాగే, మరో మంచి పని పేరుతోనే. మెట్రో రైలు అవసరమైనదని నేనూ నమ్ముతాను. అయితే షెనాయ్‌నగర్‌లోని తిరు.వి.క. పార్కు మెట్రో పనులకోసం పదేళ్ళకు పైగా మూతపడింది. ఇప్పుడు రెండో దశలో పానగల్ పార్కులో కొంత భాగం అదే పనికి పోయింది. రైలు వచ్చాక పార్కును తిరిగి ఇస్తామంటారు, ఇస్తారు కూడా. అప్పటికి మూడేళ్ళ పిల్ల బడిలో ఏడో తరగతికి వచ్చి ఉంటుంది. స్థలం తీసుకున్న ప్రతి సంస్థా, తవ్వకం మొదలుపెట్టే ముందే, అరకిలోమీటరు లోపల పిల్లలకు తాత్కాలిక ఆటస్థలం ఏర్పాటు చేయాలన్న షరతు అనుమతిపత్రంలోనే ఉండాలి.

కొత్త స్థలం ఎక్కడనుంచి వస్తుందని అడిగేవారికి చట్టంలోనే ఒక సమాధానం ఉంది. తమిళనాడు 2019 భవన నియమాల ప్రకారం 10,000 చదరపు మీటర్లు మించిన స్థలంలో కట్టడాలు చేపట్టేవారు 10 శాతం భూమిని బహిరంగ స్థలంగా స్థానిక సంస్థకు అప్పగించాలి. 3,000నుంచి 10,000 చదరపు మీటర్ల మధ్య ఉంటే భూమికి బదులు దాని విలువ చెల్లించే వీలుంది. ఓఎస్ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్) అని ఇక్కడ అందరూ పిలిచే ఈ భూములలో చాలా భాగం చిన్నవి, వీధి చివరన ఉన్నవి, కంచె వేసి వదిలేసినవి. ఉద్యానం కట్టడానికి చాలవని వాటిని పక్కన పెడుతున్నారు. పసిపిల్లలకు అంతే చాలు. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఇటువంటి ముక్కలమీదే ఆధారపడింది: 1947నుంచి 1978వరకు ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి అక్కడి నగర శాఖకోసం వీధుల కూడళ్ళలో, కూలిన ఇళ్ళ ఖాళీలలో ఏడువందలకు పైగా ఆటస్థలాలు రూపొందించాడు. వాటిలో ఉండేవి చాలా కొద్ది వస్తువులు: ఒక ఇసుకగుంట, దూకి నడిచే రాళ్ళు, తలకిందులుగా వేలాడే ఇనుపకమ్ములు, కూర్చోవడానికి బెంచీ, చెట్లు. చెన్నైలో ఆ ఖర్చు ఇంకా తక్కువే.

వికలాంగులైన పిల్లల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బెంగళూరులో కిలికిలి అనే సంస్థ తల్లిదండ్రుల చొరవతో కోల్స్ పార్కులో అందరు పిల్లలూ కలిసి ఆడుకొనే ఆటస్థలాన్ని తీసుకువచ్చింది. చెన్నైలో శాంథోమ్ వద్ద నగరపాలక సంస్థ అటువంటిదాన్ని కట్టింది. చక్రాల కుర్చీ వెళ్ళగలిగిన వాలు, వీపుకు ఆసరా ఉన్న ఉయ్యాల, నిలబడి ఆడుకొనే ఎత్తున ఇసుకతొట్టి ఉంటే, అవి ఏడాదిన్నర వయసున్న తప్పటడుగుల పిల్లకు కూడా సరిగ్గా సరిపోతాయి. చంటిపిల్ల బండి తోసుకొచ్చే తల్లికి అదే వాలు పనికివస్తుంది. ఇది ప్రత్యేక పార్కుగా ఒక్క శాంథోమ్‌లోనే ఉండవలసిన ఏర్పాటు కాదు.

నగరంలో 200 వార్డులున్నాయి, వార్డు కమిటీలున్నాయి, వాటికింద ప్రాంత సభలున్నాయి. తెలుగు కుటుంబాలు సాధారణంగా ఈ సభలకు వెళ్ళవు. ఇది మన ఊరు కాదన్న సంకోచం తరతరాలుగా ఇక్కడే ఉంటున్నవారిలోనూ ఉంది. విరిగిన ఉయ్యాల గొలుసునూ, ఊడిన బోల్టునూ నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబరు 1913కు ఫోను చేసి చెబితే నమోదు చేసుకుంటారు, బాగు కూడా చేస్తారు. కాని వేళలు మార్చడం, ఇసుక వేయించడం సభలో అడగవలసినవి. ఫిబ్రవరి, మార్చి నెలలలో నగరపాలక సంస్థ బడ్జెటు వస్తుంది గనుక అంతకుముందే అడగాలి. మా పార్కుకోసం నేను రాసుకొన్న విన్నపంలో ప్లాస్టిక్ కోట లేదు, గోడబొమ్మలు లేవు. కానుగచెట్టు కింద పన్నెండడుగుల ఇసుకగుంట, దానికి రాత్రి కప్పే వల, మోకాలెత్తున ఒక కొళాయి, జారుడుబల్లను పడమటి గోడ దగ్గరనుంచి చెట్టునీడకు మార్చడం, నవంబరునుంచి ఫిబ్రవరివరకు మధ్యాహ్నం గేటు తెరిచి ఉంచడం, ఎవరి బిడ్డనూ ఆపవద్దని కాపలాదారుకు లిఖితపూర్వకమైన ఆదేశం అడిగాను. దానిమీద నాతోబాటు సంతకం చేసినవారిలో ఉదయం నడకకు వచ్చే పెద్దలు కూడా ఉన్నారు.